ఆరు మూలల బిళ్ళ

లున్కా వెకే, ఎడమ ఒడ్డు
25 నవంబరు 2014

ఫ్రోస్యాకి,

నిచిఫోర్ బావ రాస్తున్నది. క్షేమంగా చేరావని బస్సు నడిపే ఎఫ్తీమ్ చెప్పాడు. గొడుగు మరిచిపోయావు. ఈ ఉత్తరంతో పాటు అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. ఫోన్ చెయ్యమన్నావు. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. పైగా నది దాటితే అది పరాయి దేశం ఫోన్ అట, డబ్బు గుంజేస్తారు.

పొయ్యి వెలిగిస్తున్నాను. మేక పాలిస్తోంది. మీ అక్క గది నువ్వు సర్దినట్టే ఉంది.

మీ అక్క వార్వారాని పూడ్చిన రోజు వంతెన దగ్గర మీ బస్సు ఇరుక్కుపోయింది. పెట్టెకి మేకులు కొట్టేశాక చేరావు. గుమ్మంలోనే కూలబడ్డావు. దాన్ని తలుచుకుని కుమిలిపోకు. చేయవలసినవన్నీ చేశాం. గుండెల మీద చుట్టకొవ్వొత్తి పెట్టాం. కాళ్ళ దగ్గర తువ్వాలు పెట్టాం. చేతిలో నాణెం నేనే పెట్టాను. మా కొత్తది, ఎర్రది, ఆరు మూలలది.

వచ్చే నవంబరులో ఏడాది భోజనాలు. వార్వారా కూజా, దుప్పటి, కుర్చీ ఆమె రక్తం పంచుకున్నవాళ్ళ చేతికే ఇవ్వాలి. మాకు పిల్లల్లేరు. ఉన్నది నువ్వొక్కదానివే. ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను.

ఉంటాను.
నిచిఫోర్


స్టూపారి, కుడి ఒడ్డు
3 డిసెంబరు 2014

బావా,

గొడుగు అందింది. ఒక పుల్ల విరిగింది. అది ఎఫ్తీమ్ పని, నిన్ను అనను. మిగతా దానికి మాత్రం నిన్నే అంటాను, చివరిదాకా చదువు.

నీ ఉత్తరం చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. ఎర్రది, ఆరు మూలలది. అంటే ప్లాస్టిక్కు! మా అక్క చేతిలో ప్లాస్టిక్ బిళ్ళ పెట్టి పూడ్చేశావా బావా?

మొన్న ఆగస్టులో మీ ఒడ్డున ఆ బిళ్ళలు కొత్తగా వచ్చినప్పుడు ఎఫ్తీమ్ ఒకటి తెచ్చి చూపించాడు. మా వీధి వీధంతా నవ్వింది. పిల్లల ఆటపెట్టెలో తప్పిపోయిన బిళ్ళలా ఉంది. తేలుతుందేమోనని మా కోడలు గ్లాసుడు నీళ్ళలో వేసి చూసింది. మునిగింది. దాని గొప్పతనం అదొక్కటే.

ఇరవై ఏళ్ళు దాటింది, మీ ఒడ్డువాళ్ళు మాది వేరే దేశం అంటారు. జెండా ఉంది, సైన్యం ఉంది, రూబుల్ ఉంది అంటారు. లోకంలో ఒక్క దేశమైనా ఔనంటేనా? ఆ రూబుల్ తెచ్చి వంతెన ఇవతల రొట్టెల కొట్లో పెడితే రొట్టె ఇవ్వరు, చీవాట్లు ఇస్తారు. నది దాటని డబ్బు ఆకాశం దాటుతుందా? పైన సుంకం గేట్లు ఇరవై నాలుగున్నాయి. ఒక్కో గేటు దగ్గర దయ్యాలు ఒక్కో పాపం లెక్క తీస్తాయి, చేతిలో ఏముందో చూస్తాయి. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. మా అమ్మ చేతిలో వెండి నాణెం పెట్టాం, జార్ చక్రవర్తుల కాలంది, నువ్వూ చూశావు. మా నాన్న చేతిలో సోవియట్ నాణెం. దాని మీద సుత్తీ కొడవలీ ఉన్నా లోహమే కదా అని ఫాదర్ కూడా కిమ్మనలేదు. అక్క దగ్గరికొచ్చేసరికి ప్లాస్టిక్!

అమ్మకీ నాన్నకీ పెట్టింది ఈ చేతులే. అక్కకీ నేనే పెట్టాలని మా ఒడ్డు చిల్లర, యాభై బానీల నాణెం, బూడిద వేసి తోమి, రుమాలులో ముడేసి తెచ్చాను. ఆ ముడి ఎలా వచ్చిందో అలాగే నా సంచిలో తిరిగొచ్చింది.

ఒకటే మాట. ఇది సరిచేసేదాకా నీ ఒడ్డున కాలు పెట్టను. ఏడాది భోజనాలు నువ్వే వండుకో, నువ్వే తిను, కూజా కూడా నువ్వే తీసుకో.

కోపంతో,
ఫ్రోస్యా

ఎండు ప్లమ్ పళ్ళు పంపుతున్నాను. నానబెట్టి తిను. అలాగే నమిలావంటే ఉన్న నాలుగు పళ్ళూ ఊడతాయి.


లున్కా వెకే
14 డిసెంబరు 2014

ఫ్రోస్యాకి,

పళ్ళు అందాయి. నానబెట్టాను.

అది ఆమె డబ్బు. పెన్షన్ అందులోనే వచ్చేది. ఉప్పు, ఈస్టు, కిరసనాయిలు దాంతోనే కొనేది. ఇక్కడ బతికింది, ఇక్కడి డబ్బే పెట్టాను. నీ బానీ పెట్టి ఉంటే అదేమిటో ఆమెకి తెలిసేది కాదు.

ఫాదర్‌ని అడిగాను. "ఆత్మకి డబ్బెందుకయ్యా, ప్రార్థన చాలు" అన్నాడు. ప్రార్థనకి మాత్రం రూబుళ్ళు తీసుకున్నాడు.

చలి బాగా ఉంది. నది అంచుల దగ్గర గడ్డ కట్టింది. నువ్వు రావాలి.

నిచిఫోర్


స్టూపారి
12 జనవరి 2015

బావా,

క్రిస్మస్ వెళ్ళిపోయింది. నేను పాటలకి వెళ్ళలేదు. ఎందుకో చెబుతాను.

"అదేమిటో ఆమెకి తెలిసేది కాదు" అని రాశావు. మా అక్కకి మతిపోయిందనా నీ ఉద్దేశం? ఈ ఒడ్డున పుట్టి, ఈ ఒడ్డున పెరిగి, పాతికేళ్ళకి నిన్ను చేసుకుని అటు వచ్చింది. ఇక్కడి డబ్బు మరిచిపోతుందా? లేక ఈ ఒడ్డునే మరిచిపోయిందా? ఒకటి రెండు విషయాలు నాకు ఎప్పటి నుంచో గుచ్చుకుంటున్నాయి. ఇప్పుడు అడిగేస్తాను. రెండేళ్ళుగా అక్క ఉత్తరాలు నీ చేతిరాతలోనే వచ్చేవి. అడిగితే "చేతులు నొప్పి" అనేది. చెల్లెలికి నాలుగు ముక్కలు రాయలేనంత నొప్పా? పోయిన ఈస్టర్‌కి వచ్చినప్పుడు అంచు చుట్టూ నీలం పూలు కుట్టిన రుమాలు ఇచ్చాను. చలికాలమంతా కూర్చుని కుట్టాను. ఒళ్ళో పెట్టుకుని, "ఎర్రపూలు ఎంత బాగున్నాయే" అంది. కళ్ళు తిప్పి చూడను కూడా చూడలేదు. మొహమాటానికి ఒక మాట అనేసింది. ఆ రాత్రి బస్సులో ఏడ్చుకుంటూ వచ్చాను. నువ్వేం నూరిపోశావో నాకు తెలియదు.

సరే, అసలు సంగతి. క్రిస్మస్ ముందు రోజు అక్క కలలోకి వచ్చింది. వంతెన దగ్గర లైన్‌లాగే పెద్ద లైను. సంచులు, బుట్టలు, కోళ్ళు. అక్క ఆ పాత గోధుమరంగు కోటులోనే ఉంది. గేటు దగ్గర టోపీ పెట్టుకున్నవాడు ఆ బిళ్ళని పంటి కింద పెట్టి కొరికి, ఉమ్మేసి, "అమ్మా, ఇది ఇక్కడ చెల్లదు, పక్కకి జరుగు" అన్నాడు. అక్క పక్కకి జరిగి నిలబడింది. నీకు తెలుసుగా, అక్క ఎవరినీ ఎదిరించి ఎరగదు. నేనైతే వాడి టోపీ ఊడేలా అరిచేదాన్ని.

నెలన్నరగా చలిలో నిలబడి ఉంది బావా.

ఏం చెయ్యాలో మా పక్కింటి ముసలమ్మ చెప్పింది. మా వైపు అందరూ చేస్తారు, మీ వైపూ చేసేవాళ్ళు. మీ ఊళ్ళో ఇక ఎవరు పోతే వాళ్ళ పెట్టెలో అక్క కోసం నాణెం పెట్టి పంపాలి. పెట్టేటప్పుడు అక్క పేరు చెప్పాలి, మరిచిపోకు. రుమాలు ముడి ఎఫ్తీమ్ చేతికిచ్చాను. అందులో యాభై బానీల నాణెం ఉంది. మెరుస్తోంది. ఇది చేరిందని ఉత్తరం వస్తే నవంబరులో నేను వస్తాను.

ఫ్రోస్యా


లున్కా వెకే
16 ఫిబ్రవరి 2015

ఫ్రోస్యాకి,

ముడి అందింది. వంతెన దగ్గర గార్డు విప్పించాడట. "ఈ ఒక్క నాణెం ఎవరికి?" అన్నాడట. "పోయినావిడకి" అని ఎఫ్తీమ్ చెప్పాడట. ఆ కుర్రాడు మళ్ళీ అదే ముడి వేసి, టోపీ తీసి, ఇచ్చేశాడట.

ఇక్కడ ఎవరూ పోవడం లేదు.

ఇలా రాయాలంటే సిగ్గుగా ఉంది. ఊళ్ళో ఉన్నది అంతా ముసలివాళ్ళే. చలి ఇంత ఉంది. అయినా ఎవరూ పోవడం లేదు. నా కళ్ళు వాళ్ళ మీదే ఉంటున్నాయని వాళ్ళు కనిపెట్టినట్టున్నారు. చర్చిలో నా పక్కన కూర్చోవడం లేదు.

వంతెన దిగువ జకారియాకి ఊపిరితిత్తులు పట్టేశాయని విని చూడబోయాను. తేనె తీసుకెళ్ళాను. మంచం మీద ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏరా నిచిఫోర్, నలభై ఏళ్ళలో నువ్వు మా గడప తొక్కింది లేదు. తేనె పట్టుకొచ్చావు. నా కొలతలు తీసుకోవడానికా?" అన్నాడు.

నా జేబులో ముడి ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

"ఏముందిరా ఆ జేబులో?" అన్నాడు.

చెప్పాను. అబద్ధం చెప్పడం రాక చెప్పేశాను. అతను పడీపడీ నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది. దగ్గుతూ దగ్గుతూ గొంతులో ఉన్నదంతా వచ్చేసింది. డాక్టరు వచ్చి, ఇప్పుడు నయం అన్నాడు. మర్నాడు లేచి కట్టెలు కొట్టాడట. వాళ్ళావిడ నాకు దండాలు పెట్టింది.

రుమాలు గురించి అడిగావు. ఆమెకి ఆ రుమాలంటే ప్రాణం. తల కింద పెట్టుకుని పడుకునేది. అంతకంటే ఏమీ చెప్పలేను.

నిచిఫోర్


స్టూపారి
2 మార్చి 2015

బావా,

జకారియా చేత పంపుదామనుకున్నావా! ఆ తాగుబోతు చేత! నా పెళ్ళిలో పీపాలో తల దూర్చి తాగినవాడు. పందిరి గుంజకి దండం పెట్టి "వధువు చాలా పొడుగ్గా ఉంది" అన్నవాడు. వాడి చేతికి డబ్బిస్తే అక్క దాకా చేరుతుందా? మొదటి గేటు పక్కన సారాకొట్టు ఉందంటే అక్కడే తేలుతుంది నా యాభై బానీ. ఆ బుర్ర పెట్టుకుని ఇన్నేళ్ళు ఎలా బతికావు బావా? మా అక్క పుణ్యం.

మీ రొట్టెలు కాల్చే మత్రోనా ఉందిగా, తొంభై దాటింది, పైసా కూడా తారుమారు చెయ్యదు. అలాంటిదాని చేత పంపాలి. తొందరపెట్టమనడం లేదు. కాస్త కనిపెట్టుకుని ఉండమంటున్నా, అంతే.

"అంతకంటే ఏమీ చెప్పలేను." ఇదొకటి! యాభై ఏళ్ళుగా ఇదే వింటున్నా. అక్కనడిగితే "మీ బావకి మాటలు తక్కువ" అనేది. మాటలు తక్కువైతే ఉన్న నాలుగైనా సూటిగా చెప్పొచ్చుగా!

కల మళ్ళీ వచ్చింది. లైను కదల్లేదు.

ఫ్రోస్యా


లున్కా వెకే
19 ఏప్రిల్ 2015

ఫ్రోస్యా,

క్రీస్తు లేచాడు!

నీ నాణెం వెళ్ళింది.

జకారియా ఈస్టర్ మంగళవారం పోయాడు. నువ్వు వద్దన్నావు. కానీ మత్రోనా మొన్ననే కొత్త కోడిపిల్లలు కొంది. ఇంకో పదేళ్ళు ఉంటుంది. జకారియా ఈసారి తానే కబురు పెట్టాడు. ఆదివారం సాయంత్రం వెళ్ళాను.

"తెచ్చావా ముడి?" అన్నాడు.

"తెచ్చాను."

"మీ మరదలు నన్ను తాగుబోతు అందట కదా. ఎఫ్తీమ్ చెప్పాడు."

నేను తల వంచుకున్నాను.

"నిజమే అంది. కానీ వార్వారా డబ్బు ముట్టుకోనురా. ఒకసారి మంచులో పడి ఉంటే నన్ను ఈడ్చుకొచ్చి మీ పొయ్యి పక్కన పడుకోబెట్టింది. మా ఆవిడకి కూడా చెప్పలేదు." ఇది నాకూ తెలియదు ఫ్రోస్యా. నేను ఆ రోజు మిల్లులో ఉన్నానేమో.

పెట్టెలో కుడిచెయ్యి పక్కన ముడి పెట్టాను. "ఇది వార్వారాకి" అని పేరు చెప్పాను. అది చూసి వాళ్ళావిడ పరుగెత్తుకెళ్ళి, పోయిన వాళ్ళమ్మకి పంపాలని ఆమె కళ్ళజోడు తెచ్చింది. పక్కింటివాళ్ళు పొగాకు సంచి తెచ్చారు. ఎవరో దువ్వెన, ఎవరో చేతికర్ర తెచ్చారు. మూత పట్టలేదు. ఎఫ్తీమ్ చూసి, "నా బస్సులో కూడా ఇంత సరుకు ఎక్కించరు" అన్నాడు.

నువ్వు వస్తానన్నావు. కూజా కడిగి పెట్టాను.

నిచిఫోర్


స్టూపారి
26 ఏప్రిల్ 2015

బావా,

నిజంగా లేచాడు. ఆ జవాబు ఇవ్వకపోతే పాపం గనక ఇచ్చాను. ఇక విను.

ఈస్టర్ మంగళవారం! ఈస్టర్ వారంలో పోయినవాడి చేత పంపావా!

నీకు ఎవరూ ఏమీ నేర్పలేదా? ఈస్టర్ వారమంతా స్వర్గం తలుపులు బార్లా తెరిచి ఉంటాయి. ఆ వారంలో పోయినవాళ్ళని ఏ గేటు దగ్గరా ఆపరు, సుంకం అడగరు, పాపం అడగరు. నేరుగా లోపలికి పోతారు. జన్మంతా తాగి తాగి చచ్చిన జకారియా దొరలా లోపలికి పోయాడు, జేబులో మా అక్క నాణెం పెట్టుకుని! అక్క గేటు బయట నిలబడి ఉంది. వాడు ఆ దారిన పోనే పోలేదు. ఎలా ఇస్తాడు? ఎవరికిస్తాడు? ఇప్పుడు వాడు లోపల, అక్క బయట. తలుపులు మళ్ళీ మూసేశారు.

లోకంలో ఇంకెవరైనా ఈ పొరపాటు చేస్తారా బావా? చచ్చేవాళ్ళు లేక లేక దొరికితే, ఏడాదంతటిలో ఆ ఒక్క వారంలో పోయినవాణ్ణి పట్టుకున్నావు!

మా కోడలు నవ్వుతోంది. పెదవులు బిగబట్టుకుని అటు తిరిగి నవ్వుతోంది. నాకు కనిపిస్తూనే ఉంది. నాకు నవ్వు రావడం లేదు.

నేను రాను.

ఫ్రోస్యా


లున్కా వెకే
9 మే 2015

ఫ్రోస్యాకి,

వారం రోజులు ఆలోచించాను.

తలుపులు బార్లా తెరిచి ఉంటే, అడిగేవాడు గేటు దగ్గర లేకపోతే, లైన్‌లో నిలబడ్డవాళ్ళని ఎవరు ఆపుతారు? వాళ్ళూ లోపలికి పోయే ఉంటారు కదా. అదే వారంలో వార్వారా కూడా లోపలికి పోయి ఉంటుంది.

నాకు అలా అనిపించింది.

బంగాళాదుంపలు నాటాను.

నిచిఫోర్


స్టూపారి
7 సెప్టెంబరు 2015

బావా,

వేసవంతా రాయలేదు. ద్రాక్ష పనులు అని చెప్పుకోవచ్చు గానీ అది కాదు. చెయ్యి రాలేదు.

తలుపుల సంగతి మా ఫాదర్‌ని అడిగాను. ఆయన గడ్డం నిమురుకుని, ఆ వారంలో కొత్తగా వచ్చినవాళ్ళకే అది, ముందే లైన్‌లో ఉన్నవాళ్ళ సంగతి పుస్తకాల్లో ఎక్కడా లేదన్నాడు. లేదంటే ఔననీ కాదు, కాదనీ కాదు. ఇన్నేళ్ళు వంతెన మీద చూస్తున్నాం కదా, ఏ కాగితంలోనూ లేనివాళ్ళని ఎవరు లోపలికి పోనిస్తున్నారు?

నేను అలసిపోయాను బావా. నీతో పోట్లాడి గెలిచేది లేదు. గోడతో పోట్లాడితే గోడ సున్నమైనా రాలుస్తుంది. నేను అడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఒకటి. అక్క చేతిలో ప్లాస్టిక్ ఎందుకు పెట్టావని అడిగాను. ఇంట్లో ఒక్క లోహపు నాణెం దొరకలేదా? నీ దగ్గర పాత సోవియట్ చిల్లర, కోపెక్కుల డబ్బా ఉంది, నేనే చూశాను. ఇత్తడివి, బరువైనవి. అవి కూడా పెట్టలేదు. అక్క మీద అంత నిర్లక్ష్యమా, లేక నా మీద కక్షా?

ఏడాది భోజనాలకి నేను రావడం లేదు. కూజా మత్రోనాకి ఇచ్చేయి. దుప్పటి ఎవరికైనా ఇవ్వు. నీలం పూల రుమాలు మాత్రం ఎఫ్తీమ్ చేత వెనక్కి పంపించు. ఎర్రపూలవి నచ్చినవాళ్ళకి అది అక్కర్లేదు.

ఫ్రోస్యా


లున్కా వెకే
4 అక్టోబరు 2015

ఫ్రోస్యా,

రుమాలు పంపలేను. అది ఆమె తల కిందే ఉంది, మట్టిలో.

ఇంత పొడుగు ఉత్తరం నేను ఎప్పుడూ రాయలేదు. రెండుసార్లు చింపేశాను. ఇది చింపను.

వార్వారాకి చూపు లేదు. పోవడానికి ముందు రెండేళ్ళుగా లేదు. మొదట అంచులు పోయాయి, తరువాత మధ్యది పోయింది. జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కంటి వెనక నరం ఎండిపోయింది, ఇక ఆపరేషన్ లేదు, మందు లేదు అన్నారు. బయటికి రాగానే మెట్ల మీద నా చేత ఒట్టు వేయించుకుంది. "ఫ్రోస్యాకి చెప్పకు. చెబితే ఏడుస్తుంది. ఏడ్చి ఊరుకోదు, ఆవుని అమ్మేసి నన్ను ఊరూరా తిప్పుతుంది. దానికి ఉన్నది ఆ ఆవొక్కటే" అంది. ఒట్టు వేశాను. నువ్వు వచ్చినప్పుడల్లా ముందే ఆమెని కుర్చీలో కూర్చోబెట్టేవాణ్ణి. ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో ఆమె చేతికి తెలుసు. అందుకే నీకు తెలియలేదు. రుమాలు ఇచ్చినప్పుడు వేళ్ళతో పూలు తడిమింది. పూలని తెలిసింది, రంగు తెలియలేదు. ఎర్రవై ఉంటాయనుకుంది. మీ అమ్మ ఎప్పుడూ ఎర్రవే కుట్టేదట. నువ్వు వెళ్ళాక నన్ను అడిగింది. నీలం అని చెప్పాను. ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

ఇప్పుడు నాణెం సంగతి.

మా కాగితం నోట్లన్నీ ఒకే కొలతలో ఉంటాయి. రూబుల్ ఏదో పది ఏదో ఆమెకి తెలిసేది కాదు. కొట్టుకి వెళితే పర్సు తెరిచి పట్టుకుని "నువ్వే తీసుకోమ్మా" అనేది. కొట్టు అమ్మాయి మంచిదే, ఎప్పుడూ మోసం చెయ్యలేదు. కానీ వార్వారా ఇంటికొచ్చి పర్సు మేకుకి తగిలించి కోటు కూడా విప్పకుండా మంచం మీద కూర్చునేది. కొన్నాళ్ళకి కొట్టుకి వెళ్ళడమే మానేసింది. నేనే వెళ్ళేవాణ్ణి.

పోయిన ఏడాది ఆగస్టులో ఈ బిళ్ళలు వచ్చాయి. పెన్షన్‌లో నాలుగు ఇచ్చారు. నేనూ నీలాగే అనుకున్నాను, ఆటబిళ్ళలు అని. తెచ్చి బల్ల మీద పోశాను. ఆమె వాటిని వేళ్ళతో తడిమింది. ఒకటి గుండ్రం, అది రూబుల్. ఒకటి నాలుగు మూలలు, మూడు రూబుళ్ళు. ఐదు మూలలది ఐదు. ఆరు మూలలది పది. ఒక్కసారి చెప్పాను, అంతే. మళ్ళీ చెప్పనివ్వలేదు. "నిచిఫోర్, నువ్వు మాట్లాడకు" అని తిప్పి తిప్పి తడిమింది.

మర్నాడు పొద్దున్న కోటు వేసుకుంది. కంచె పట్టుకుని ఒక్కతే కొట్టుకి వెళ్ళింది. నేను వెనకాల దూరంగా వెళ్ళాను, ఆమెకి తెలియకుండా. ఉప్పు, ఈస్టు అడిగింది. పర్సు తెరిచి పట్టుకోలేదు. చెయ్యి లోపల పెట్టి తడిమి, ఆరు మూలలది తీసి బల్ల మీద పెట్టింది. "పది" అంది. గట్టిగా అంది. కొట్టు అమ్మాయి చిల్లర ఇస్తే అది కూడా ఒక్కొక్కటి తడిమి, "ఇంకో రూబుల్ రావాలి" అంది. నిజంగానే రావాలి.

ఆ రోజు నేను మొక్కజొన్న సంకటి అడుగంటించాను. ఆమె తిట్టలేదు. మాడిన చోటు కూడా తిన్నది. ఆ మూడు నెలలూ కొట్టుకి నన్ను పోనివ్వలేదు.

ఆ డబ్బు నది దాటదు, నాకు తెలుసు. అది ప్లాస్టిక్ అనీ తెలుసు. పాత కోపెక్కుల డబ్బా కూడా ఆ రోజు తీశాను, చూశాను, పక్కన పెట్టేశాను. అన్నీ గుండ్రమే. ఆమె వెళ్ళేది చీకట్లోకి. చేతిలో ఉన్నదేమిటో ఆమెకి తెలియాలి. గేటు దగ్గర ఎవరైనా అడిగితే పర్సు తెరిచి పట్టుకుని "నువ్వే తీసుకో" అనకూడదు.

అందుకని పెట్టాను.

ఒట్టు తప్పాను. నువ్వు రానంటున్నావు గనక తప్పాను. భోజనాలు నవంబరు ఇరవై ఒకటో తేదీ శనివారం.

నిచిఫోర్


స్టూపారి
25 అక్టోబరు 2015

బావా,

నువ్వు పాపిష్టివాడివి. రెండేళ్ళు! అక్క పాపిష్టిది. నేను ఆవుని అమ్మి ఉండేదాన్ని. అవును, అమ్మేదాన్నే. అది నా ఆవు, మీ ఇద్దరిదీ కాదు. దాని మీద ఒట్లు వేసుకోవడానికి మీరెవరు?

మా కోడలు ఎఫ్తీమ్‌ని అడిగి నాలుగు బిళ్ళలూ తెప్పించింది. నేను అడగలేదు, తనే తెప్పించింది. నిన్న బల్ల దగ్గర కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఐదు మూలలదీ ఆరు మూలలదీ మొదట కలిసిపోయాయి. ఇంకోసారి చూశాను. ఇంకోసారి చూశాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆవుని పితకడం కూడా మరిచిపోయాను. అది పాకలో అరుస్తుంటే గానీ లేవలేదు.

శనివారం వస్తాను. శుక్రవారమే బయలుదేరతాను, వంతెన మీద ఎవడు ఆపినా సరే టైముకి ఉండాలి. రొట్టెలు నేను తెస్తాను, నువ్వు కాల్చకు, నీ చేతి రొట్టె పీనుగులు కూడా తినవు. కూజా మత్రోనాకి ఇచ్చేసి ఉంటే వెళ్ళి వెనక్కి తీసుకురా. ఏం చెబుతావో నీ ఇష్టం.

మా కోడలికి చెప్పి ఉంచాను, నీకూ చెబుతున్నా. నేను పోయినప్పుడు ఒక చేతిలో మా యాభై బానీ పెట్టండి, గేటు వాడు అడిగితే వాడి మొహాన కొట్టడానికి. రెండో చేతిలో ఆ ఆరు మూలలది పెట్టండి. అది సుంకానికి కాదు. అక్క కళ్ళతో నన్ను పోల్చుకోలేదు కదా. చెయ్యి పట్టుకుని తడిమి చూస్తుంది.

ఫ్రోస్యా